కరెంట్ ఖర్చవదు, మరి సెల్ ఎందుకు అయిపోతుంది?

ప్రశ్న: మేడమ్, నేను పదో తరగతి చదువుతున్నాను. విద్యుత్తు, అయస్కాంతత్వం పాఠాల్లో లెక్కలు చేయగలను, మార్కులూ వస్తున్నాయి. కానీ అర్థమై చేస్తున్నట్టు లేదు. రెండు బల్బులు సీరీస్‌లో పెడితే, సెల్‌కి దగ్గరున్న బల్బు ముందుగా కొంత కరెంట్ వాడేసుకుంటుంది కదా, రెండోదానికి తక్కువే మిగలాలి. పుస్తకంలో మాత్రం రెండిటిలోనూ ఒకటే కరెంట్ అని ఉంది. కరెంట్ ఖర్చు కాకపోతే సెల్ ఎందుకు అయిపోతుంది? వోల్టేజ్ నిర్వచనం అప్పజెప్పగలను గానీ అదేంటో కళ్ల ముందుకు రాదు. కరెంటుకీ అయస్కాంతానికీ సంబంధం ఏంటో అసలు తెలీదు. పరీక్షలు దగ్గరికొస్తుంటే టెన్షన్‌గా ఉంది. క్లాసులో అడిగితే నవ్వుతారేమోనని మీకు రాస్తున్నాను.

జవాబు:

అమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "దగ్గరున్న బల్బు ముందుగా వాడేసుకుంటుంది కదా" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. నీ వయసులో నేను కూడా సరిగ్గా ఇలాగే అనుకునేదాన్ని. పరీక్షలో "సీరీస్‌లో కరెంట్ సమానం" అని రాసేదాన్ని, మనసులో మాత్రం మొదటి బల్బే ఎక్కువ వెలగాలని నమ్మేదాన్ని. ఆ నమ్మకం పుస్తకం చదివితే పోలేదు. బల్బుకి ముందొక అమ్మీటర్ (కరెంట్‌ని కొలిచే మీటర్), తర్వాతొక అమ్మీటర్ పెట్టి, రెండు ముళ్లూ ఒకే గీత మీద నిలబడటం కళ్లారా చూశాకే పోయింది. కాబట్టి క్లాసులో అడగడానికి మొహమాటపడకు. నీ పక్కన కూర్చున్నవాళ్లలో చాలామందికి ఇదే సందేహం ఉంటుంది.

ఈ తికమకకి సగం కారణం మనం రోజూ మాట్లాడే మాటే. కరెంట్ పోయింది అంటాం. ఫ్రిజ్ కరెంట్ ఎక్కువ లాగుతుంది అంటాం. తడిచేత్తో ముట్టుకుంటే కరెంట్ కొడుతుంది అంటాం. నెలాఖరుకి కరెంట్ బిల్లు కడతాం. ఒక్క మాటతో ఇన్ని పనులు కానిచ్చేస్తున్నాం. "కరెంట్ పోయింది" అన్నప్పుడు నిజానికి పోయింది వోల్టేజ్. "కరెంట్ బిల్లు"లో మనం డబ్బు కట్టేది శక్తికి. బిల్లు మీద ఉండే ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ గంట, అంటే 36 లక్షల జౌళ్ల శక్తి. "కరెంట్ కొట్టింది" అన్నప్పుడు మాత్రమే భౌతికశాస్త్రం చెప్పే కరెంట్ అది, ఒంట్లోంచి పోయిన ప్రవాహం. ఇంట్లో ఈ మాటలన్నీ వింటూ పెరిగిన పిల్ల "కరెంట్ ఖర్చవుతుంది" అనుకోవడంలో వింత ఏముంది? ఇంట్లో ఎలా మాట్లాడినా ఫర్వాలేదు. నోట్సు తెరిచాక మాత్రం ఆవేశం (ఛార్జ్), కరెంట్, వోల్టేజ్, శక్తి, ఈ నాలుగింటినీ ఒకదాని చోట ఇంకోటి వాడకు.

ముందు ఆవేశం సంగతి చూద్దాం. రాగి తీగలో ప్రతి పరమాణువు దగ్గరా దాదాపు ఒక ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా తిరుగుతూ ఉంటుంది. తీగలో ఆవేశాన్ని మోసేవి ఇవే. ఇవి సెల్‌లోంచి వచ్చినవి కావు, తీగలో మొదటినుంచీ ఉన్నవే. సెల్ అనేది ఎలక్ట్రాన్లు నింపిన డబ్బా కాదు. పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే కాబట్టి ఈ మాటని నోట్సులో పెద్ద అక్షరాలతో రాసుకో. తీగలో ఒక చోట నిలబడి, సెకనుకి ఎంత ఆవేశం దాటిపోతోందో లెక్కపెడితే అది కరెంట్. సెకనుకి ఒక కూలుంబ్ దాటితే ఒక ఆంపియర్. ఒక కూలుంబ్ అంటే సుమారు 62 కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లని ఇంకా వెయ్యిసార్లు వేసుకోవాలి. చిన్న టార్చి బల్బులో 0.3 ఆంపియర్లు పోతున్నాయనుకుంటే, అక్కడ సెకనుకి దాటే ఎలక్ట్రాన్లు దాదాపు రెండు పక్కన పద్దెనిమిది సున్నాలు.

అంత గుంపు పరుగులు పెడుతుందనుకుంటాం కదా. పరుగెత్తదు. అడ్డుకోత వైశాల్యం ఒక చదరపు మిల్లీమీటరు ఉన్న రాగి తీగలో ఒక ఆంపియర్ కరెంట్ పోతుంటే, ఎలక్ట్రాన్ల గుంపు ముందుకు జరిగే వేగం సెకనుకి 0.07 మిల్లీమీటర్లు. ఒక మీటరు తీగ దాటడానికి మూడున్నర గంటలు దాటుతుంది. ఇంట్లో వచ్చే ఏసీ కరెంటులో అయితే అంత కూడా లేదు. ఎలక్ట్రాన్లు ఉన్నచోటే, వెంట్రుక మందంలో వందో వంతు మేర ముందుకీ వెనక్కీ ఊగుతుంటాయి, అంతే. మరి స్విచ్ వెయ్యగానే లైటు ఎలా వెలుగుతుంది? దీనికి, నీ బల్బుల ప్రశ్నకి, సెల్ అయిపోయే ప్రశ్నకి కలిపి ఒక్క తాడుతో జవాబు చెప్పొచ్చు. ఊరికే ఊహించుకోకుండా నలుగురిని కూడగట్టి చేసి చూడు.

ఏడెనిమిది మీటర్ల పొడవున్న నున్నటి తాడు తీసుకో. రెండు కొనలూ కలిపి ముడివెయ్యి. నలుగురూ చుట్టూ నిలబడి, బొటనవేలు, చూపుడువేలు కలిపి ఉంగరంలా చేసి, తాడు అందులోంచి జారేలా వదులుగా పట్టుకోండి. నువ్వొక్కదానివే తాడుని ఒక చేత్తో లాగుతూ ఇంకో చేత్తో వదులుతూ తిప్పు. నువ్వు సెల్‌వి. తాడు ఆవేశం. ఇప్పుడు ఎదురుగా ఉన్న పిల్లని వేళ్లు కాస్త బిగించమను. ఆ పిల్ల బల్బు.

నువ్వు లాగిన మరుక్షణమే ఎదుటి పిల్ల చేతిలో తాడు కదులుతుంది. నీ చేతిలో ఉన్న ముక్క అక్కడిదాకా ప్రయాణం చెయ్యాల్సిన పనిలేదు, తాడంతా ఒక్కసారే కదిలింది. స్విచ్ వెయ్యగానే లైటు వెలగడం ఇలాంటిదే. ఆ పిల్ల వేళ్లు బిగించిందనుకో. తాడు ఆమె దగ్గర మాత్రమే నెమ్మదించదు. నీ దగ్గర, ఆమెకి ముందున్నవాళ్ల దగ్గర, తర్వాతున్నవాళ్ల దగ్గర, అంతటా ఒకేసారి, ఒకేలా నెమ్మదిస్తుంది. నీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. "ముందు బల్బు", "తర్వాతి బల్బు" అనేవి బొమ్మలో మాత్రమే ఉన్నాయి. సర్క్యూట్‌లో ఎక్కడ నిరోధం పెట్టినా దాని ప్రభావం మొత్తం చుట్టుకి పడుతుంది. రెండో పిల్ల కూడా వేళ్లు బిగిస్తే తాడు ఇంకా నెమ్మదిస్తుంది, అందుకే సీరీస్‌లో రెండు బల్బులూ మసకబారతాయి. ఒకే రకం బల్బులైతే రెండూ సమానంగా మసకబారతాయి.

ఇక ఆమె వేళ్లని అడుగు, వెచ్చబడ్డాయంటుంది. నీ చెయ్యి నొప్పెడుతుంది. తాడు మాత్రం ఒక్క అంగుళం కూడా తగ్గలేదు. నీ చేతి సత్తువ తాడు ద్వారా ఆమె వేళ్ల దగ్గరికి చేరి వేడిగా మారింది. ఖర్చయింది సత్తువే. సెల్‌లో ఆ సత్తువ రసాయనాల్లో ఉంటుంది. మామూలు పెన్సిల్ సెల్‌లో జింక్ కొంచెం కొంచెంగా వేరే పదార్థంగా మారుతూ ఆ శక్తినిస్తుంది. జింక్ చర్య జరపలేని స్థితికి వచ్చిందంటే సెల్ అయిపోయినట్టు. అప్పుడు కూడా తీగలో ఎలక్ట్రాన్లు ఎన్ని ఉండాలో అన్నీ ఉంటాయి. తోసేవాళ్లు లేరు, అంతే.

తాడు పోలిక ఒక చోట ఆగిపోతుందని కూడా చెప్పాలి. తాడులో ఒక పోగు ఇంకో పోగుని పట్టి లాగుతుంది. తీగలో ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి అలా గుద్దుకుంటూ తోసుకోవు. స్విచ్ పడగానే తీగ పొడవునా విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. అది వ్యాపించే వేగం కాంతి వేగానికి దగ్గర్లో ఉంటుంది. ఆ క్షేత్రమే ఎక్కడి ఎలక్ట్రాన్లని అక్కడే కదిలిస్తుంది.

ఇప్పుడు వోల్టేజ్. నువ్వు అప్పజెప్పే నిర్వచనం నాకు తెలుసు: "ప్రమాణ ఆవేశాన్ని ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకి కదిలించడానికి చేసిన పని." అందులో తప్పేమీ లేదు, కానీ అది ఎవరి కళ్ల ముందుకూ రాదు. దాన్ని సెల్ మీద రాసిన అంకెతో చదువుకో. పెన్సిల్ సెల్ మీద 1.5 వోల్టులు అని ఉంటుంది. తనలోంచి దాటే ప్రతి కూలుంబ్ ఆవేశానికీ ఈ సెల్ 1.5 జౌళ్ల శక్తి ఇచ్చి పంపుతుందని దానర్థం. కారు బ్యాటరీ మీద 12 అని ఉంటే అది కూలుంబ్‌కి 12 జౌళ్లు ఇస్తుంది. గోడ గడియారంలో వేసే సన్న సెల్, పాత టార్చిలో వేసే లావు సెల్ రెండూ ఒకసారి చేతిలోకి తీసుకుని చూడు. రెండింటి మీదా 1.5 అనే ఉంటుంది. లావు సెల్ ఒక్కో కూలుంబ్‌కి ఎక్కువేం ఇవ్వదు. లోపల సరుకు ఎక్కువ కాబట్టి ఎక్కువ కూలుంబ్‌లకి ఇవ్వగలదు, ఎక్కువకాలం వస్తుంది. ఈ రెండు సెల్‌లనీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నా విద్యార్థులకి వోల్టేజ్ అర్థమైనంతగా నేను బోర్డు మీద ఎంత చెప్పినా అర్థం కాలేదు.

ఆ 1.5 జౌళ్లూ దారిలో ఎక్కడ దిగిపోతాయి? నిరోధం ఉన్నచోట. ఒకే రకం బల్బులు రెండు సీరీస్‌లో ఉంటే ఒక్కో దాంట్లో 0.75 జౌళ్లు దిగుతాయి. బల్బు రెండు చివరల మధ్య వోల్ట్‌మీటర్ పెడితే అది చూపించేది ఈ అంకెనే. కలిపే తీగ రెండు చివరల మధ్య పెడితే దాదాపు సున్నా చూపిస్తుంది, అక్కడ ఏమీ దిగలేదు కాబట్టి. అమ్మీటర్‌ని దారి మధ్యలో తెంపి ఎందుకు కలుపుతామో, వోల్ట్‌మీటర్‌ని పక్కనుంచి రెండు చివరలకీ ఎందుకు తగిలిస్తామో ఇప్పుడు నీకే తెలుస్తుంది. కరెంట్ ఒక చోటి నుంచి దాటిపోయేది. వోల్టేజ్ రెండు చోట్ల మధ్య ఉండే తేడా. "బల్బు గుండా వోల్టేజ్ పోతుంది" అని ఎప్పుడూ రాయకు. "బల్బు రెండు చివరల మధ్య వోల్టేజ్" అని రాయి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం తప్పులు వాటంతటవే పోతాయి.

సమాంతరంగా కలిపితే ఏమవుతుందన్నది తాడుతోనే చూడొచ్చు. ఒకే తాడు మీద ఇద్దరు పిల్లలు కాకుండా, రెండు వేర్వేరు తాళ్లు, రెండూ నువ్వే తిప్పుతున్నావు. ఒక్కో తాడు మీద ఒక్కరే వేళ్లు బిగించారు. ఇద్దరికీ పూర్తి జోరు అందుతుంది, నీ చెయ్యి మాత్రం రెట్టింపు త్వరగా అలిసిపోతుంది. ఇంట్లో లైట్లన్నీ సమాంతరంగానే కలుపుతారు. ఒకటి ఆర్పితే మిగతావి ఆరిపోకూడదు కదా.

ఇక నువ్వు అడగని విషయం ఒకటి చెబుతాను. లెక్కలు బాగా చేసే పిల్లలే ఇక్కడ చిక్కుకుంటారు. సామర్థ్యానికి, అంటే సెకనుకి ఖర్చయ్యే శక్తికి, రెండు సూత్రాలు ఉన్నాయి. ఒకటి ఐ స్క్వేర్ ఆర్, రెండోది వి స్క్వేర్ బై ఆర్ (ఐ అంటే కరెంట్, వి అంటే వోల్టేజ్, ఆర్ అంటే నిరోధం). మొదటిది చూస్తే నిరోధం పెరిగితే వేడి పెరగాలి. రెండోది చూస్తే నిరోధం పెరిగితే వేడి తగ్గాలి. ఏది నిజం? రెండూ నిజమే. నువ్వు అడగాల్సిన ప్రశ్న వేరు: ఈ సర్క్యూట్‌లో మారకుండా ఉన్నది ఏది? 2 ఓమ్‌లు, 4 ఓమ్‌లు ఉన్న రెండు నిరోధాలు తీసుకుని 12 వోల్టుల బ్యాటరీకి సమాంతరంగా కలిపితే, రెండింటికీ వోల్టేజ్ ఒకటే. అప్పుడు 2 ఓమ్‌ల దాంట్లో 72 వాట్లు, 4 ఓమ్‌ల దాంట్లో 36 వాట్లు. అవే రెండూ సీరీస్‌లో పెడితే కరెంట్ ఒకటే, 2 ఆంపియర్లు. అప్పుడు 2 ఓమ్‌ల దాంట్లో 8 వాట్లు, 4 ఓమ్‌ల దాంట్లో 16 వాట్లు. వస్తువులు అవే, కలిపిన తీరు మారేసరికి ఎక్కువ వేడెక్కేది తారుమారైంది. ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద నీ చేత్తో చెయ్యి. "ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది" అనే ప్రశ్న ఎలా తిప్పి అడిగినా తడబడవు.

ఓమ్ నియమం గురించి ఒక్క మాట. వోల్టేజ్ ఎన్ని రెట్లు పెరిగితే కరెంట్ అన్ని రెట్లు పెరుగుతుందని అది చెబుతుంది. జార్జ్ ఓమ్ 1827లో ప్రచురించిన ఈ సంబంధం లోహపు తీగలకి, ఉష్ణోగ్రత మారనంతవరకు చక్కగా పనిచేస్తుంది. టార్చి బల్బు ఫిలమెంట్ వెలిగేటప్పుడు రెండు వేల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, దాని నిరోధం చల్లగా ఉన్నప్పటికంటే దాదాపు పదిరెట్లు పెరుగుతుంది. కాబట్టి ల్యాబ్‌లో బల్బుకి గ్రాఫు గీస్తే సరళరేఖ రాలేదని కంగారుపడి అంకెలు దిద్దకు. వంపు రావడమే సరైనది.

ఇప్పుడు అయస్కాంతం. ఇది వేరే పాఠం అనుకుంటున్నావు. 1820 వరకూ ప్రపంచం దాదాపు అలాగే అనుకుంది. అయస్కాంతపు రాళ్లు, దిక్సూచులు ఒక పక్క. రుద్దితే నిప్పురవ్వలు రాల్చే ఆవేశాలు ఇంకో పక్క. వోల్టా 1800లో బ్యాటరీ తయారుచేశాక మొదటిసారి మనుషులకి ఆగకుండా పారే కరెంట్ దొరికింది. ఇరవై ఏళ్ల తర్వాత కోపెన్‌హాగన్‌లో హాన్స్ క్రిస్టియన్ ఓర్‌స్టెడ్ కరెంట్ పారుతున్న తీగ పక్కన దిక్సూచి సూది కదలడం గమనించాడు. తీగ అయస్కాంతం కాదు, ఊరికే ఉంటే సూదిని కదిలించదు. కరెంట్ ఆపగానే సూది మళ్లీ తన చోటికి వచ్చేసింది. కొద్ది వారాల్లోనే పారిస్‌లో ఆంపియర్, ఒకే దిశలో కరెంట్ పారే రెండు తీగలు ఒకదాన్నొకటి లాక్కుంటాయని చూపించాడు. అక్కడ ఎక్కడా అయస్కాంతమన్నదే లేదు, రెండు తీగలు మాత్రమే.

ఈ ప్రయోగం నువ్వు బల్ల మీద చెయ్యగలవు. ఒక చిన్న దిక్సూచి, ఒక పెన్సిల్ సెల్, ఒక టార్చి బల్బు, రెండు తీగ ముక్కలు చాలు. దిక్సూచిని బల్ల మీద పెట్టి సూది నిలకడ అయ్యేదాకా ఆగు. సెల్‌ని దానికి కనీసం జానెడు దూరంలో ఉంచు. పెన్సిల్ సెల్ పైతొడుగు ఎక్కువగా ఉక్కుదే ఉంటుంది, దగ్గర పెడితే అదే సూదిని లాగేసి నిన్ను తప్పుదారి పట్టిస్తుంది. ఫోన్ కూడా దూరం పెట్టు, దాని స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది. ఇప్పుడు తీగని సూదికి పైన, సూది ఎటు చూస్తోందో అదే దిశలో, ఉత్తర దక్షిణాలుగా చాచి పెట్టు. తీగ సూదికి అడ్డంగా, తూర్పు పడమరలుగా ఉంటే సూది పక్కకి తిరగదు. ఈ చిన్న విషయం తెలియక "మేడమ్, మా దిక్సూచి పాడైంది" అని వచ్చిన పిల్లలు ఎందరో. బల్బుని కూడా దారిలో కలుపు. బల్బు లేకుండా సెల్ రెండు కొనలనీ ఉత్త తీగతో కలిపితే తీగా సెల్లూ వేడెక్కిపోతాయి.

తీగ కొనని సెల్‌కి తాకించు. బల్బు వెలుగుతుంది, సూది పక్కకి జరుగుతుంది. ఎంత జరగాలో మనమే ముందుగా అంచనా వెయ్యొచ్చు. 0.3 ఆంపియర్ల కరెంట్ ఒక సెంటీమీటరు దూరంలో కలిగించే అయస్కాంత క్షేత్రం 6 మైక్రోటెస్లాలు. సూదిని ఉత్తరానికి పట్టి ఉంచే భూమి క్షేత్రం చాలా చోట్ల 20 నుంచి 40 మైక్రోటెస్లాల మధ్య ఉంటుంది. ఇద్దరూ సూదిని తమవైపు లాగుతున్నారు. కాబట్టి సూది పూర్తిగా తిరిగిపోదు, పది డిగ్రీలకి అటూ ఇటూగా పక్కకి వంగి ఆగుతుంది. తీగ సూదికి ఇంకా దగ్గరైతే ఇంకాస్త వంగుతుంది. నీ బల్ల మీది చిన్న సెల్ భూమితో పోటీపడి దాని సూదిని కదిలించింది! నేను ఎన్నిసార్లు చేసినా ఆ క్షణంలో నాకు ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత సెల్‌ని తిరగేసి పెట్టు, సూది రెండోవైపుకి వంగుతుంది. తీగని సూదికి పైనుంచి తీసి దిక్సూచి కిందుగా పోనివ్వు, మళ్లీ దిశ మారుతుంది. ఇప్పుడు పుస్తకంలో తీగ చుట్టూ గీసిన వలయాలు గుర్తు తెచ్చుకో. తీగకి పైన క్షేత్రం ఒకవైపుకి ఉంటే కింద దానికి వ్యతిరేకంగా ఉండాలి, ఎందుకంటే అది చుట్టూ తిరుగుతోంది. కుడిచేతి బొటనవేలు నిబంధన చెప్పేది ఇదే: బొటనవేలు కరెంట్ దిశలో ఉండేలా తీగని కుడిచేత్తో పట్టుకున్నట్టు ఊహిస్తే, మిగతా వేళ్లు ముడుచుకునే వైపే క్షేత్రం తిరుగుతుంది. తీగని దిక్సూచి చుట్టూ పది చుట్లు చుట్టి చూడు. పైనుంచి వెళ్లే తీగ, కిందనుంచి తిరిగొచ్చే తీగ రెండూ సూదిని ఒకేవైపుకి తోస్తాయి, సూది ఈసారి బాగా వంగుతుంది. నువ్వు చేసింది ఒక చిన్న గాల్వనామీటర్, అంటే కొద్దిపాటి కరెంట్‌ని కూడా పసిగట్టే పరికరం. తీగని చుట్టలా ఎందుకు చుడతారన్నది కూడా తెలిసిపోయింది కదా.

మరి తీగా లేదు, సెల్లూ లేదు, మామూలు అయస్కాంతంలో కరెంట్ ఎక్కడుంది? ప్రతి ఎలక్ట్రాన్ స్వతహాగా ఒక చిట్టి అయస్కాంతం. దానికి స్పిన్ అనే గుణం వల్ల ఆ శక్తి ఉంది. చాలా పదార్థాల్లో ఇవి ఒకటి ఇటు, ఒకటి అటు చూస్తూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఇనుము, నికెల్, కోబాల్ట్ లాంటి కొన్నింటిలో మాత్రం గుంపులు గుంపులుగా ఒకేవైపు చూస్తాయి. ఆ గుంపులన్నీ ఒకే దిశకి తిరిగితే అది అయస్కాంతం. అందుకే అయస్కాంతాన్ని రెండు ముక్కలు చేస్తే ఉత్తర ధ్రువం ఒక ముక్కకి, దక్షిణ ధ్రువం ఇంకో ముక్కకి వెళ్లవు. ప్రతి ముక్కకీ రెండు ధ్రువాలూ ఉంటాయి. ఇనుముని సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దాటి వేడిచేస్తే ఆ వరసలు చెదిరిపోయి అయస్కాంతత్వం పోతుంది.

కరెంట్ అయస్కాంతత్వాన్ని పుట్టిస్తే, అయస్కాంతం కరెంట్‌ని పుట్టించలేదా? మైకేల్ ఫారడేని ఏళ్ల తరబడి వెంటాడిన ప్రశ్న ఇది. 1831 ఆగస్టులో ఆయన ఒక ఇనుప వలయానికి రెండువైపులా రెండు తీగచుట్టలు చుట్టాడు. ఒకదానికి బ్యాటరీ, రెండోదానికి గాల్వనామీటర్. బ్యాటరీ కలిపిన క్షణంలో ముల్లు ఒక్కసారి కొట్టుకుని మళ్లీ సున్నాకి వచ్చేసింది. బ్యాటరీ తీసేసినప్పుడు రెండోవైపుకి కొట్టుకుంది. మధ్యలో, కరెంట్ నిలకడగా పారుతున్నంతసేపూ, ఏమీ లేదు. అందరూ నిలకడైన కరెంట్ కోసం వెతుకుతుంటే, జవాబు ఆ ఒక్క కుదుపులో దొరికింది. అయస్కాంతం ఉండటం చాలదు, తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం (ఫ్లక్స్, అంటే చుట్టలోంచి మొత్తం ఎంత క్షేత్రం పోతోందన్నది) మారాలి. నీ పుస్తకంలో ఈ పాఠం చదివేటప్పుడు "మార్పు" అన్న మాట ఎక్కడ కనిపించినా గీత గీసుకో. ఎంత బలమైన అయస్కాంతమైనా తీగచుట్టలో కదలకుండా కూర్చుంటే ముల్లు సున్నా మీదే ఉంటుంది. బలహీనమైన అయస్కాంతాన్ని చటుక్కున తోస్తే ముల్లు కదులుతుంది.

ఆ కరెంట్ ఏ దిశలో పుడుతుందో లెంజ్ నియమం చెబుతుంది: తనని పుట్టించిన మార్పుని ఎదిరించే దిశలో. దీన్ని బట్టీ పట్టే ముందు ఒక్క క్షణం ఆలోచించు. ఎదిరించకుండా సాయం చేస్తే? అయస్కాంతాన్ని కొంచెం తోస్తావు, పుట్టిన కరెంట్ దాన్ని ఇంకా లోపలికి లాగుతుంది, అది ఇంకా వేగంగా వెళ్తుంది, ఇంకా కరెంట్ పుడుతుంది. ఏ ఖర్చూ లేకుండా శక్తి పుట్టుకొస్తుంది. అలా జరగదు. సైకిల్‌కి డైనమో లైటు ఉంటే, లైటు వేసుకున్నప్పుడు పెడల్ బరువెక్కడం కాళ్లకి తెలుస్తుంది. లైటుకి వెళ్లే శక్తి నీ కాళ్లలోంచే వస్తోంది. ఇందాక తాడు తిప్పిన చెయ్యి నొప్పెట్టడం, ఇప్పుడు పెడల్ బరువెక్కడం, రెండూ ఒకటే సంగతి. మందమైన రాగి గొట్టంలోంచి బలమైన చిన్న అయస్కాంతాన్ని వదిలే అవకాశం ల్యాబ్‌లో దొరికితే తప్పకుండా చూడు. రాగి దాన్ని ఆకర్షించదు, గొట్టం గోడలకి తగలకపోయినా అది మెల్లగా, తేలుతున్నట్టు కిందికి దిగుతుంది. ఆ అయస్కాంతాలు చిన్నపిల్లల చేతికి మాత్రం ఇవ్వకు. రెండు మింగితే పేగుల్లో ఒకదానికొకటి అతుక్కుని ప్రాణం మీదికి తెస్తాయి.

పరీక్ష గురించి టెన్షన్ అన్నావు కదా, పేపర్లు దిద్దేటప్పుడు నేను చూసిన రెండు పొరపాట్లు చెబుతాను. మొదటిది చేతుల సంగతి. కుడిచేతిలో పెన్ను పట్టుకుని ఉంటారు, ఖాళీగా ఉన్న ఎడమచేత్తో కుడిచేతి నిబంధన చేసేస్తారు. జవాబు సరిగ్గా తలకిందులవుతుంది. దిశ అడిగిన ప్రశ్న రాగానే పెన్ను కింద పెట్టు. తీగ చుట్టూ క్షేత్రానికి కుడిచెయ్యి, మోటారులో బలానికి ఫ్లెమింగ్ ఎడమచెయ్యి, జనరేటరులో కరెంట్‌కి ఫ్లెమింగ్ కుడిచెయ్యి.

రెండోది బాణం గుర్తు. బొమ్మల్లో కరెంట్ ధన ధ్రువం నుంచి రుణ ధ్రువానికి పారుతున్నట్టు గీస్తారు. ఎలక్ట్రాన్లు వెళ్లేది దానికి ఎదురుగా. ధన, రుణ అన్న పేర్లు 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కాలంలో పెట్టినవి, ఎలక్ట్రాన్‌ని జె.జె. థామ్సన్ కనిపెట్టింది 1897లో. అప్పటికి బొమ్మలన్నీ గీసేశారు. చేతి నిబంధనలన్నీ పుస్తకంలోని బాణానికే సరిపోతాయి. ప్రశ్నలో "ఎలక్ట్రాన్ల పుంజం కుడివైపు వెళ్తోంది" అని ఉంటే మాత్రం, కరెంట్ ఎడమవైపని పక్కన రాసుకున్నాకే చెయ్యి తిప్పు.

నేను చెప్పిన ప్రయోగాలన్నీ పెన్సిల్ సెల్‌తో చేసేవే. గోడ ప్లగ్గు జోలికి ఏ కారణంతోనూ వెళ్లకు.

వచ్చే ఆదివారం దిక్సూచి ప్రయోగం చెయ్యి. తీగ తాకించకముందే సూది ఎటు వంగుతుందో కుడిచెయ్యి పట్టి చూసి కాగితం మీద రాసుకో, తర్వాత తాకించు. నీ అంచనా, జరిగింది, రెండూ బొమ్మ గీసి నాకు పంపు. సెల్ ధన ధ్రువం ఎటువైపు ఉందో, తీగ సూదికి పైన ఉందో కింద ఉందో కూడా రాయడం మర్చిపోకు. ఆ రెండూ లేకపోతే నీ బొమ్మ సరైనదో కాదో నేను చెప్పలేను.